బెంగుళూరు కాఫీ హోటళ్లు: ఒక విమర్శ

మన సంఘముల సంచికలలో దేవాలయములను గుఱించియు, వలస వచ్చిన వంశములను గుఱించియు, కవిపండితులను గుఱించియు వ్యాసములు వెలువడుట పరిపాటి. అవి రావలసినవే, వానిని తక్కువ చేయుట మా ఉద్దేశము కాదు. అయితే బెంగుళూరున మూడు నాలుగు తరములుగా కాపురమున్న తెలుగు గృహస్థు నొకరిని నిలిపి, "అయ్యా, ఇంటికి వెలుపల ఈ ఊరివారితో తమరు ఎక్కువ కాలము గడపిన తావు ఏది?" అని అడిగినచో, ఆయన దేవాలయము పేరు చెప్పడు, సభామందిరము పేరును చెప్పడు. కొంచెము నవ్వి, ఏదో యొక కాఫీ హోటలు పేరు చెప్పును. మనవారి జీవితమున ఇంత చోటు ఆక్రమించిన స్థలమునకు మన సంచికలలో ఒక వ్యాసపు చోటైనను దక్కవలదా?

హోటళ్లను గుఱించి వ్రాయువారు లేకపోలేదు. కాని వారు దోసె కరకరలాడినదా, చట్నీలో కారము సరిపోయినదా, కాఫీ చిక్కగా నున్నదా అని చూచి అంతటితో తృప్తి చెందుదురు. అది పాకవిమర్శ. నాటకమును విమర్శించువాడు నటుల వేషములను మాత్రమే చూచి లేచిపోయిన ఎట్లుండునో ఇదియు అట్లే యుండును. మేమిచ్చట పట్టిన కొలబద్ద వేఱు. ఒక కప్పు కాఫీ వెలకు హోటలు మనిషికి ఎంతసేపు కూర్చుండు హక్కు నిచ్చుచున్నది? ఎవరి ప్రక్కన కూర్చుండనిచ్చుచున్నది? ఈ రెండు ప్రశ్నలతో బెంగుళూరు హోటళ్లను చూడదలచితిమి. మదరాసు, సోలాపురము, బరంపురము, యానాము పాఠకులకు ఇది పరాయి ఊరి సంగతి యని తోచవచ్చును. తమ ఊరి హోటలు బల్లను తలచుకొనుచు చదివినచో పోలికలు వారికే దొరకును.

కాఫీ మన దేశమునకు వచ్చిన కథ అందఱెఱిగినదే. పదునేడవ శతాబ్దమున బాబా బుడన్ అను ఫకీరు మక్కా యాత్ర నుండి మరలుచు ఏడు కాఫీ గింజలను దాచి తెచ్చి చిక్కమగళూరు సీమ కొండలలో నాటెనని ఐతిహ్యము. ఆ కొండలు నేటికిని ఆయన పేరనే యున్నవి. పిమ్మట తెల్లదొరల తోటలు వచ్చినవి. తోట మైసూరు సీమలోనిదే యైనను పానీయము పట్టణములలోని ఇండ్లకు నిండుగా చేరినది ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దములలోనే. ఇంటిలో ఇత్తడి ఫిల్టరు, వీధిలో హోటలు, రెండును ఇంచుమించు ఒకే కాలమున మనకు అలవడినవి. హోటలు పెట్టినవారు మాత్రము కొండసీమవారు కారు. పడమటి తీరమున ఉడిపి, కుందాపుర ప్రాంతముల నుండి వచ్చినవారు. మఠముల వంటశాలలలో నేర్చిన చేతిపాటవమును వారు పట్టణమునకు తెచ్చిరి. ఆంధ్రదేశపు పట్టణములలో సైతము "ఉడిపి హోటలు" అను మాట శాకాహారపు హోటలునకు మాఱుపేరైనది గదా.

బెంగుళూరున అట్టి హోటళ్లలో పెద్దదిగా ఎన్నదగినది మావళ్లి టిఫిన్ రూమ్స్. దీనినే ఎం.టి.ఆర్. అందురు. ఉడిపి ప్రాంతమునుండి వచ్చిన మయ్య సోదరులు 1924లో దీనిని నెలకొల్పిరి. అప్పుడు దాని పేరు "బ్రాహ్మిన్ కాఫీ క్లబ్". ఈ పేరును మనము తొందరగా దాటిపోరాదు. ఆ కాలపు హోటళ్లలో పేరుతో పాటు పంక్తి కూడ నడచినది. ఎవరు లోపల కూర్చుండవలెనో, ఎవరు వెలుపల నిలువవలెనో అనేక చోట్ల ముందే తీర్మానమై యుండెడిది. వలస వచ్చిన మన తెలుగువారిలో చేనేతవారు, వ్యాపారులు, సేద్యగాండ్రు, కూలివారు, ఉద్యోగులు అందఱు నున్నారు. ఆ బల్లలు అందఱికిని ఒక్కతీరుగా తెఱచి యుండలేదు. కాఫీ హోటలు మనల నందఱిని కలిపిన తావని సభలలో మురిసిపోవువారు ఈ సంగతిని మఱువరాదు. మదరాసు తిరువల్లిక్కేణిలో ఒక కాఫీ హోటలు పేరుపలకపైని "బ్రాహ్మణ" శబ్దమును తొలగింపవలెనని 1957లో పెరియార్ ఇ.వి. రామస్వామి ఉద్యమము సాగించినప్పుడు మన పెద్దలలో కొందఱు అది వట్టి పలక గొడవ యనుకొనిరి. అది పలక గొడవ కాదు, కుర్చీ గొడవ.

ఎం.టి.ఆర్. పేరు మాఱుటకు మఱియొక కారణము చెప్పుదురు. సోదరులలో ఒకరైన యజ్ఞనారాయణ మయ్య 1951లో ఐరోపా పర్యటించి, అచ్చటి హోటళ్ల పరిశుభ్రతను, క్రమశిక్షణను చూచి వచ్చెను. హోటలునకు మావళ్లి పేట పేరు పెట్టుట, పాత్రలను ఆవిరితో శుద్ధి చేయుట మున్నగు మార్పులు అటుపిమ్మటివి. లాల్‌బాగు మార్గమున ఇప్పుడున్న కట్టడమునకు 1960లో తరలివచ్చినది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున బియ్యము కఱవైనప్పుడు బొంబాయి రవ్వతో ఇడ్లీ చేయుట ఇచ్చటనే మొదలైనదని ప్రసిద్ధి. నేడు మన ఇండ్లలో పండుగకు గాకున్నను చుట్టమునకు రవ్వ ఇడ్లీ చేయని గృహిణి అరుదు. కఱవు ఒక వంటకమును కన్న సందర్భము వంటల చరిత్రలో మఱి కొన్ని యుండవచ్చును, గాని ఇంత చక్కని బిడ్డను కన్నది తక్కువ.

ఈ హోటలు శీలమును తెలుపు కథ వేఱొకటి కలదు. 1975లో అత్యవసర పరిస్థితి వచ్చినది. హోటలు పదార్థముల ధరలను ప్రభుత్వము నిర్బంధముగా తగ్గించినది. సరకు నాణ్యము తగ్గించి ధర నిలుపుకొన్నవారు పెక్కురు. ఎం.టి.ఆర్. మాత్రము నాణ్యము తగ్గింపక, దినదినమును వచ్చు నష్టమును పలకపై వ్రాసి వాకిట పెట్టి, తుదకు తలుపులు మూసినది. పనివారిని వీథిపాలు చేయక మసాలా పొడులు, పిండిమిశ్రమములు కట్టి అమ్ము అంగడి నడపినది. ఆ పొట్లముల వ్యాపారమే పెరిగి పెరిగి, 2007లో ఆ భాగము నార్వే దేశపు ఓర్క్లా సంస్థ చేతికి పోయినది. హోటలు మయ్య కుటుంబము వద్దనే నిలిచినది.

ఇంత చెప్పిన పిమ్మట మా అభిప్రాయమును దాచము. ఎం.టి.ఆర్. గొప్ప పాఠశాల వంటిది. పేరు వ్రాయించుకొని, పిలుచువఱకు వేచి, చూపిన కుర్చీలో కూర్చుండి, పెట్టినది తిని, లేవవలెను. వెండి గ్లాసులో కాఫీ వచ్చును; అది త్రాగుచు ముచ్చటింప బుద్ధి పుట్టును. కాని నీ వెనుక నిలిచినవాని చూపు నీ వీపునకు తగులుచుండును. ఆ హోటలు ఆకలిని గౌరవించును, వేచియుండుటను గౌరవించును. తీరికకు మాత్రము అందు చోటు చాలదు.

తీరిక కాకున్నను తోడు కావలయునన్నచో బసవనగుడికి పోవలెను. గాంధీ బజారులో 1943లో పుట్టిన విద్యార్థి భవన్ కలదు. పరిసరముల పాఠశాలల విద్యార్థులకై వేంకటరమణ ఉరాళ అనునాయన పెట్టిన చిన్న ఫలహారశాల అది; 1970లో రామకృష్ణ అడిగ చేతికి వచ్చినది. మసాలా దోసె దాని కీర్తి. వడ్డించువాడు పదికి పైబడిన దోసె పళ్లెములను ఒకే చేతిపై మెట్లు మెట్లుగా పేర్చుకొని జనసమ్మర్దములో నడచి వచ్చుట చూచితీరవలసిన విద్య. గోడలపై కన్నడ సాహిత్య సంస్కృతుల ప్రముఖుల చిత్రములు వ్రేలాడుచుండును.

ఇచ్చటి విశేషము దోసె గాదు, బల్ల. నలుగురు పట్టు బల్ల వద్ద ఇద్దఱే కూర్చున్నచో మిగిలిన రెండు చోట్లు ఎవరివో కావు, ఎవరివైనను అగును. భార్యాభర్తల కెదురుగా ఇద్దఱు అపరిచితులు వచ్చి కూర్చుందురు. "కూత్కోబహుదా?" అని కన్నడమున ఒక మాట, తల యూపుట ఒకటి, అంతే. కొంతసేపటికి చట్నీ గిన్నె జరుపుట, పత్రికలోని ఒక పుట ఇచ్చుట, వానను గుఱించి రెండు మాటలు. వలస వచ్చిన కుటుంబమునకు ఇంతకంటె మంచి భాషాశాల ఎక్కడ దొరకును? మన తాతలు కన్నడమును బడిలో నేర్వలేదు, బల్లపై నేర్చిరి. ఇంటిలో "చాలు" అనువారు హోటలులో "సాకు" అనిరి. "ఇంకొకటి" అనువారు "ఇన్నొందు" అనిరి. ఈ రాకపోకలలో మన ఇంటి మాటయు మాఱినది. ఆంధ్రదేశమునుండి వచ్చిన చుట్టము "ఉప్మా" అడుగును, మన పిల్లవాడు "ఉప్పిట్టా?" అని తిరిగి అడుగును. ఆ పిల్లవాని తెలుగు చెడిపోయినదని చుట్టము బాధపడును. మేము బాధపడము. ఆ ఒక్క మాటలో మన కుటుంబము ఈ ఊరిలో ఎన్నేండ్లుగా ఫలహారము చేయుచున్నదో తెలియుచున్నది. ఖారా బాతు, కేసరి బాతు, రెండును ఒకే పళ్లెమున పెట్టిన చౌచౌ బాతు, ఖాలీ దోసె: ఈ పేర్లకు తెలుగు కట్టవలెనని ప్రయత్నించు భాషాభిమానులకు మా నమస్కారము.

బల్లతో పుట్టిన ఆచారములలో తలమానికము "బై-టూ". ఒక కాఫీని రెండు గ్లాసులలో సగము సగముగా పోసి తెమ్మనుట. "వన్ బై టూ కాఫీ" అని కేక వేసినచో బెంగుళూరు హోటలులో ఎవరును నవ్వరు. పొరుగు ఊళ్ల వారు దీనిని పిసినారితనమని ఎగతాళి చేయుట విన్నాము. వారు విషయము గ్రహింపలేదు. ఉదయము నుండి నాలుగు కాఫీలు త్రాగినవానికి ఐదవ కాఫీ వలదు. కాని స్నేహితుడు ఎదురుపడినాడు, కూర్చుండుటకు నెపము కావలెను. ఆ నెపమునకు సగము వెల చాలును. చేతిలో డబ్బు లేని విద్యార్థియు, కడుపులో చోటు లేని పెద్దమనిషియు ఒకే ఉపాయమున కలియుచున్నారు. పానీయమును సగము చేసి సాంగత్యమును నిండుగా ఉంచిన ఈ లెక్కను కనిపెట్టినవాడెవడో గాని వాడు ఈ ఊరి హృదయమెఱిగినవాడు.

ఈ ముచ్చటకు వెనుక ఒక పిల్లవాడు నిలిచియుండెను. వానిని "మాణి" అనిరి; కుందాపుర ప్రాంతపు మాట, అబ్బాయి యని యర్థము. తీరప్రాంతపు పేద ఇండ్లనుండి వచ్చి, బల్లలు తుడిచి, గ్లాసులు కడిగి, హోటలులోనే పండుకొని పెరిగినవారు ఎందఱో. మనము కూర్చున్న గంటలన్నియు వారు నిలిచిన గంటలు. కాఫీ హోటళ్ల స్వర్ణయుగమును వర్ణించు వ్యాసములలో ఈ మాణి కానరాడు. కూర్చుండుట ఎంత హాయియో చెప్పినవారు నిలిచినవాని కాళ్లను గుఱించి కూడ ఒక మాట చెప్పవలెను గదా.

నిలిచినవాడే యజమాని యైన హోటలు ఒకటి ఈ దేశమున పుట్టినది. అందులకు బెంగుళూరే పుట్టినిల్లగుట మనకు గర్వకారణము. ఇండియా కాఫీ హౌసు మొదట కాఫీ సెస్సు కమిటీ పెట్టినది; 1936లో బొంబాయి చర్చిగేటున తొలి అంగడి తెఱచిరి. పిమ్మట అవి కాఫీ బోర్డు క్రిందికి వచ్చినవి. 1950ల నడుమ బోర్డు ఆ కాఫీ హౌసులను మూసివేయ నిశ్చయించి పనివారిని తొలగించినది. కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ ప్రోత్సాహముతో పనివారే సహకార సంఘములుగా ఏర్పడి కాఫీ హౌసులను తామే నడప పూనుకొనిరి. 1957 ఆగస్టు 19న తొలి సంఘము బెంగుళూరున ఏర్పడినది. ఆ యేడే అక్టోబరులో ఢిల్లీలో వారి తొలి కాఫీ హౌసు తెఱవబడినది.

బెంగుళూరు కాఫీ హౌసు మహాత్మాగాంధీ మార్గమున దశాబ్దములు నిలిచి, 2009లో చర్చి వీధికి తరలినది. తెల్లని దుస్తులు, తలపాగ, వెడల్పాటి నడుము పట్టీ ధరించినవాడు కాఫీ తెచ్చును. కాఫీ అంత గొప్పది కాదని మా అభిప్రాయము. బసవనగుడి నాలుకకు అది పలుచన. కాని అచ్చట కూర్చున్నవానిని లెమ్మని చూచు చూపు లేదు. ఒక కప్పుతో పత్రిక మొదటి పుట నుండి చివరి పుట వఱకు చదివినవారిని, కథలు వ్రాసుకొన్నవారిని, వాదించి వాదించి అలసినవారిని ఆ బల్లలు భరించినవి. తనకు జీతమిచ్చు యజమాని వేఱొకడు లేనివాడు ఇతరుల తీరికను సహించునని మేము అనుకొనుచున్నాము. ఇది మా ఊహయే కావచ్చును. అయినను మా కొలబద్దతో కొలిచినచో ఈ కాఫీ హౌసునకే పెద్దపీట వేయవలసి యున్నది. కాఫీ సంగతి పాకవిమర్శకులు చూచుకొందురు గాక.

ఆ పెద్దపీటను లాగివేసినవాడు ఆర్. ప్రభాకర్. 1983లో జయనగరున "కఫె దర్శిని" అను కొత్త తీరు హోటలు ఆయన ఆలోచనతో వెలసినది. విదేశములలోని త్వరితాహారశాలల పద్ధతిని ఇడ్లీ దోసెలకు అన్వయించిరి. ముందు డబ్బు కట్టి చీటీ పుచ్చుకొనుట, చీటీ చూపి పదార్థము తానే తెచ్చుకొనుట, ఎత్తైన బల్ల యొద్ద నిలుచుండి తినుట, పోవుట. కుర్చీలు లేవు. వంట కన్నుల యెదుటనే జరుగును. కావుననే దర్శిని యను పేరు సార్థకమైనది. కొలది యేండ్లలో ఊరంతయు దర్శినులే. శాంతి, ఉపాహార, సాగర మున్నగు పేర్లతో మూలమూలకు ఒకటి.

దీనిని నిందించుట సులభము. మన పెద్దలు నిందించిరి కూడను. "నిలుచుండి తినుట పశుధర్మము" అని ఒక ముసలాయన మాతో అనెను. మోకాళ్ల నొప్పులవారికి, చంటిబిడ్డ తల్లులకు, చేతికఱ్ఱవారికి అచ్చట చోటు లేదు, ఇది నిజము. పత్రిక పుట ఇచ్చిపుచ్చుకొనుటకు అచ్చట చేయి ఖాళీ లేదు, ఇదియు నిజమే. కాని రెండవ ప్రశ్నను మఱువరాదు: ఎవరి ప్రక్కన? దర్శినిలో కూర్చుండు పంక్తి లేదు. పంక్తి లేనిచోట పంక్తిభేదము నిలువలేదు. పాత హోటలులో ఆడువారికి తెరచాటున "ఫ్యామిలీ గది" యుండెడిది. భర్తయో అన్నయో తోడు లేక ఆ గదిలోనికి పోవుటకు మన అమ్మమ్మలు జంకిరి. దర్శిని బల్ల యొద్ద మిల్లు పనికి పోవు స్త్రీ ఒంటరిగా నిలిచి రెండు ఇడ్లీలు తిని పోయినచో తిరిగి చూచువాడు లేడు. ఇటుకలు మోసినవాడు, బ్యాంకు గుమాస్తా, ఆటో నడపువాడు ఒకే ఎత్తు బల్లపై మోచేతు లానించుట 1924 నాటి పలక క్రింద జరుగు పని కాదు. కుర్చీ తీసివేయుటచే ఎందఱికి లోపలికి త్రోవ యేర్పడినదో చూచినచో, పోయిన తీరికను గుఱించి మా గొంతు కొంత తగ్గవలసి వచ్చుచున్నది.

శంకరపురమున "బ్రాహ్మిన్స్ కాఫీ బార్" అని 1965 నాటి హోటలు కలదు. పేరు పాత పద్ధతిది. నడవడి మాత్రము దర్శినులకంటె ముందే దర్శిని పద్ధతిది. ఇడ్లీ, వడ, ఖారా బాతు, కేసరి బాతు, కాఫీ, టీ. సాంబారు లేదు, చట్నీ ఎన్నిసార్లు అడిగినను పోయుదురు. జనులు లోపల పట్టక వీథిలో, రాతిగట్లపై, స్కూటర్ల మీద ఆనుకొని తినుచుందురు. ఆ గుంపులో ఎవరు ఏ కులమో, ఏ భాషయో, ఏ మతమో ఆ పలకను చదివి చెప్పగల ప్రజ్ఞావంతుడు ఇంకను పుట్టలేదు. పలక ఒకటి చెప్పుచుండగా వీథి మఱొకటి చేయుట చూచి మేము చాలసార్లు ఆనందించితిమి. అయినను పలక అట్లే యుండుట మాకు సమ్మతము కాదు.

దర్శిని తీసివేసిన కుర్చీని మఱల తెచ్చి వెలకట్టి అమ్మినవారు తరువాత వచ్చిరి. 1996లో బ్రిగేడు మార్గమున తొలి కఫె కాఫీ డే తెఱవబడినది. చిక్కమగళూరు తోటల కుటుంబమునకు చెందిన వి.జి. సిద్ధార్థ దాని స్థాపకుడు. దేశమున సామాన్యులకు ఇంటర్నెట్టు అందుబాటులోనికి వచ్చి అప్పటికి ఇంచుమించు ఏడాది మాత్రమే. కాఫీతో పాటు గంటసేపు ఇంటర్నెట్టు చూచుకొనవచ్చునని అచ్చట యువకులు మూగిరి. ఇందు కాఫీ నెపము, కుర్చీయే సరకు. బై-టూ కాఫీయందును కాఫీ నెపమే గదా యని పాఠకులు అడుగవచ్చును. భేదము వెలలో నున్నది. అచ్చట నెపము సగమైనది. ఇచ్చట నెపము పదింతలైనది. ఒక విషయమున మాత్రము ఈ కొత్త కాఫీశాలలకు మర్యాద చేయవలెను: ఇంటిలో మాటలాడుకొన వీలులేని యువతీయువకులకు, ఉద్యోగపు పరీక్షకు చదువుకొనువారికి, ఒంటరి స్త్రీలకు గంటల తరబడి నీడ నిచ్చినవి. ఆ స్థాపకుడు 2019లో విషాదకరముగా మరణించెను. పిమ్మట ఆ శాలలు అనేకములు మూతపడినవి.

వీని వెనుకనే డోనట్ల దుకాణములు దిగినవి. డంకిన్ డోనట్స్ 2012లో ఢిల్లీకి, క్రిస్పీ క్రీం 2013లో బెంగుళూరునకు వచ్చినవి. అంగళ్ల అద్దముల వెనుక నడుమ కన్నము గల తీపి చక్రములను చూచి మన ముసలమ్మలు "గారెలకు పంచదార పూసినారేమి?" అని అడిగిరి. ఈ ప్రశ్నను నవ్వి త్రోసివేయుటకు వీలు లేదు. గారెకును డోనటుకును కన్నము ఒకే కారణమున వచ్చినది. నడుమ పిండి పచ్చిగా నుండక అంచుతోపాటు వేగవలెను. అంతవఱకే చుట్టరికము. మనది రుబ్బిన మినపపిండి, వారిది పులిసిన గోధుమ మైదా. మనది నూనె నుండి తీసిన పది నిమిషములలో తినవలెను, లేకున్న సాంబారులోనో పెరుగులోనో మునుగవలెను. వారిది కాఫీలో ముంచుకొని తినుట అమెరికా అలవాటు. డంకిన్ అను పేరే ముంచుటను తెలుపు మాట. గారెలను భారతముతో జత కట్టి సామెత చెప్పుకొన్న జాతికి డోనటు రుచింపకపోవుట ఆశ్చర్యము గాదు. మాకు అది రుచింపలేదని చెప్పి ఊరకుందుము; పిల్లలకు నచ్చినది, వారి నోటిని మేము కట్టబోము. అయితే ఒక సంగతి గమనించితిమి. డోనటును పెట్టెలో పెట్టి ఇచ్చుచున్నారు, పుచ్చుకొని పోవుచున్నారు. ఆరు డోనట్లు గల పెట్టె కార్యాలయమునకు పోవును, పుట్టినరోజునకు పోవును. ఊరివాడు ఊరివాని యెదుట కూర్చుండి తిను పదార్థముగా అది ఇచ్చట స్థిరపడలేదు. గారె హోటలు బల్లకు అంటిపెట్టుకొనినది. డోనటు బల్ల నెఱుగదు.

ఇటీవలి గొప్ప సంచలనము 2021లో ఇందిరానగరున పుట్టిన రామేశ్వరం కఫె. అబ్దుల్ కలాం జన్మస్థలము పేరు పెట్టిరి. నేతి సువాసనతో దోసెలు, రాత్రి పొద్దుపోవువఱకు బారులు తీరిన జనము. ఇది దర్శిని యొక్క మనుమడే. నిలుచుండుట అదే, చీటీ అదే, వైభవము మాత్రము సినిమా వైభవము. 2024 మార్చి 1న దాని బ్రూక్‌ఫీల్డు శాఖలో బాంబు ప్రేలి పలువురు గాయపడిరి. కొలది దినములకే తలుపులు తెఱచిరి, జనము మఱల బారు తీరినది. ఎవరి ప్రక్కన నిలిచినామో తెలియని చోట నిలుచుటకు ఇంత జనము మఱల వచ్చుట సామాన్యము గాదు. ఆ బారును చూచి మేము దోసె రుచిని గుఱించిన మా ఆక్షేపణలను ఆ దినమున మనసులోనే అణచుకొంటిమి. ఆ ఆక్షేపణ యేమనగా, నేయి ఎక్కువ. ఆ యేడే ఈ కఫె హైదరాబాదు మాదాపురమునకును వ్యాపించినది. ఉడిపివారు ఆంధ్రపట్టణములకు పోయిన పాత త్రోవనే బెంగుళూరు హోటలు మఱల నడచుచున్నది.

ఎదురు త్రోవన వచ్చినది ఒకటి కలదు. దానిని చెప్పి విరమింతుము. అదే ఇందిరానగరున 2021లో "అరకు" అను పేరుతో ఒక కాఫీశాల తెఱచిరి. విశాఖ మన్యపు అరకు లోయలో గిరిజన రైతులు నాంది ఫౌండేషను తోడ్పాటుతో పండించు కాఫీ అది. 2017లోనే పారిసు నగరమున దానికి దుకాణము వెలసినది. 2019లో అరకు లోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించినది. కాఫీకి పుట్టినిల్లైన కన్నడ సీమలో తెలుగు కొండపేరు పలకపై చూచినప్పుడు మన సంఘ సభ్యులు కొందఱు ఛాయాచిత్రములు తీసికొనిరి. మేమును పోయితిమి. విశాలమైన గది, చక్కని కుర్చీలు, లెమ్మనువాడు లేడు. కాఫీ పాలు లేకయే త్రాగదగినంత మంచిది. ఈ మాట చిక్కని పాల కాఫీకి అలవడిన నాలుకతో చెప్పుట మాకే వింత. ధర దర్శిని కాఫీకి అనేక రెట్లు. మా ప్రక్క బల్ల వద్ద నలుగురు యువకులు నాలుగు కంప్యూటర్లు తెఱచుకొని ఒకరి ముఖ మొకరు చూడక పని చేసికొనుచుండిరి. మాతో వచ్చిన పెద్దాయన ఎనుబది యేండ్ల చిక్కపేట వర్తకుడు, మూడు తరముల తెలుగు ఇంటివాడు. ఆయన ధరల పట్టికను తిరగవేసి, వడ్డించు అమ్మాయిని పిలిచి, స్వచ్ఛమైన కన్నడమున "బై-టూ కొడ్తీరా అమ్మా?" అని అడిగెను. ఆ అమ్మాయి ఒక క్షణ మాగి, నవ్వి, రెండు కప్పులు తెచ్చినది.